లిబ్‌వెబ్‌పీ లోపం: ఒక్క చిత్రం కోట్ల పరికరాలను ప్రమాదంలోకి నెట్టిన తీరు

2023 సెప్టెంబరు రెండో వారానికల్లా యాపిల్, గూగుల్, మొజిల్లా సంస్థలు ఒకదాని వెంట ఒకటిగా అత్యవసర భద్రతా సవరణలను విడుదల చేశాయి. ఐఫోన్‌కు ఒకటి, క్రోమ్ బ్రౌజర్‌కు ఒకటి, ఫైర్‌ఫాక్స్‌కు మరొకటి. ప్రకటనలు వేరు, వాటిలోని పదాలు వేరు. వెనుక ఉన్న లోపం మాత్రం ఒక్కటే. వెబ్‌పీ రూపంలోని చిత్రాలను విప్పి తెరపై చూపించే ‘లిబ్‌వెబ్‌పీ’ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీలో, ఒక పట్టికను నింపే చిన్న ఫంక్షన్‌లో ఆ లోపం దాదాపు ఎనిమిదేళ్లు ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది. బయటపడే నాటికే దానిని నిఘా కోసం వాడుతున్నారు.

ఈ లోపం గుర్తింపు సంఖ్య సీవీఈ-2023-4863. సాఫ్ట్‌వేర్ లోపాలకు అంతర్జాతీయంగా ఇచ్చే వరుస సంఖ్య ఇది. ఇదే లోపాన్ని యాపిల్ తన ఉత్పత్తుల వరకు సీవీఈ-2023-41064గా నమోదు చేసింది. సాంకేతికంగా దీనిని ‘హీప్ బఫర్ ఓవర్‌ఫ్లో’ అంటారు. ప్రోగ్రాం తాను అడిగి తీసుకున్న మెమొరీ హద్దును దాటి, పక్కన వేరే అవసరానికి కేటాయించిన చోట రాసేయడం అని దీని భావం. తీవ్రతను పదికి 8.8గా లెక్కగట్టారు. లిబ్‌వెబ్‌పీ 0.5.0 నుంచి 1.3.1 వరకు వచ్చిన కూర్పులు దీని బారిన పడ్డాయి. 1.3.2లో సరిచేశారు.

వెబ్‌పీ నేపథ్యం

వెబ్‌పీని గూగుల్ 2010 సెప్టెంబరులో ప్రకటించింది. ఆ ఏడాదే తాను కొనుగోలు చేసిన ఆన్2 టెక్నాలజీస్ రూపొందించిన వీపీ8 వీడియో విధానం దీనికి ఆధారం. వీడియోలోని ఒక్క ఫ్రేమును కుదించే పద్ధతినే విడి చిత్రానికి వర్తింపజేశారు. ఇందులో పరిమాణం తగ్గించుకునేందుకు చిత్రంలోని కొంత వివరాన్ని వదులుకోవాలి. 2012 నాటికి, ఒక్క బిందువు వివరమూ పోకుండా కుదించే మరో విధానాన్ని చేర్చారు. పేరులో వీపీ8 అన్న అక్షరాలు మిగిలాయే తప్ప దాని నిర్మాణం పూర్తిగా వేరు. ప్రస్తుత లోపం ఈ రెండో విధానానికి సంబంధించినది.

వివరం పోని వెబ్‌పీ చిత్రం పీఎన్‌జీ కంటే 26 శాతం, వివరం కొంత పోయేది జేపీఈజీ కంటే 25 నుంచి 34 శాతం చిన్నదిగా ఉంటుందని గూగుల్ చెబుతోంది. నెలవారీ డేటా లెక్క చూసుకుని ఫోన్ వాడే దేశాల్లో ఈ తేడా చిన్నదేమీ కాదు. 2019లో ఫైర్‌ఫాక్స్, 2020లో యాపిల్ సఫారీ బ్రౌజర్ కూడా వెబ్‌పీని స్వీకరించడంతో అది వెబ్ అంతటా చెల్లుబాటయ్యే రూపమైంది. పండుగ రోజున వాట్సాప్‌లో వచ్చిపడే స్టిక్కర్లు కూడా ఈ రూపంలోనివే. చాలామంది దాని పేరైనా వినకుండానే రోజూ వాడుతున్నారు.

లిబ్‌వెబ్‌పీని సీ భాషలో రాశారు. ఎవరైనా ఉచితంగా తీసుకుని తమ ఉత్పత్తిలో కలుపుకోవడానికి దాని లైసెన్సు అనుమతిస్తుంది. బ్రౌజర్లు, ఫోన్ నిర్వహణ వ్యవస్థలు, సందేశ యాప్‌లు, చిత్రాలను సవరించే ప్రోగ్రాములు, ఫొటోలను స్వీకరించే సర్వర్లు దానిని కలుపుకున్నాయి. కలుపుకున్నవారు ఆ సంగతిని గూగుల్‌కు తెలియజేయాల్సిన పని లేదు. ప్రపంచంలో ఆ లైబ్రరీ ప్రతులు ఎన్ని ఉన్నాయో, ఏ ఉత్పత్తిలో ఏ కూర్పు ఉందో చెప్పగల జాబితా ఎవరి దగ్గరా లేదు.

పట్టిక చిన్నది, రాత పెద్దది

లోపాన్ని అర్థం చేసుకోవాలంటే హఫ్‌మన్ సంకేతం గురించి కొంత తెలుసుకోవాలి. అమెరికాలోని ఎంఐటీలో చదువుకున్న డేవిడ్ హఫ్‌మన్ 1952లో దీనిని ప్రచురించారు. తరచూ వచ్చే గుర్తుకు చిన్న సంకేతం, అరుదుగా వచ్చే గుర్తుకు పొడవైన సంకేతం ఇస్తే మొత్తం సందేశం కుదించుకుపోతుంది. మన దేశంలో 2013 జులై దాకా నడిచిన టెలిగ్రాం సేవకు తొలినాళ్లలో ఆధారమైన మోర్స్ సంకేతంలోనూ ఇదే లాఘవం కనిపిస్తుంది. ఆంగ్లంలో అత్యధికంగా వచ్చే అక్షరానికి అందులో ఒకే ఒక్క చుక్క. హఫ్‌మన్ చేసిందల్లా ఆ పొడవులను గణితపరంగా అత్యుత్తమంగా నిర్ణయించే మార్గం చూపడం. జిప్ ఫైళ్లు, పీఎన్‌జీ, జేపీఈజీ చిత్రాలు అన్నీ దానిపై ఆధారపడినవే.

వివరం పోని వెబ్‌పీ చిత్రంలో ఇలాంటి సంకేతాల సమితులు ఐదు ఉంటాయి. ఎరుపు, నీలం, పారదర్శకతలకు ఒక్కొక్కటి. ఆకుపచ్చకు ఉన్న సమితిలోనే, ఇంతకుముందు వచ్చిన బిందువుల వరుసను ఎంత పొడవున మళ్లీ వాడాలో చెప్పే గుర్తులు కూడా ఉంటాయి. ఆ వరుస ఎంత దూరం వెనుక ఉందో చెప్పేది ఐదో సమితి. ఈ దూరాల సమితిలో ఉండేది 40 గుర్తులే. పరిమాణంలో అన్నింటికంటే చిన్నది. గండి పడింది ఇక్కడే.

ఫైలులో ఈ సంకేతాలు యథాతథంగా ఉండవు. ఏ గుర్తు సంకేతం ఎన్ని బిట్ల పొడవో మాత్రమే రాసి ఉంటుంది. పొడవులు తెలిస్తే సంకేతాలను తిరిగి కట్టుకోవచ్చు. గరిష్ఠ పొడవు 15 బిట్లు. అన్నింటికీ కలిపి ఒకే పట్టిక వేస్తే 32,768 గడులు కావాలి. చిన్న చిత్రానికి అంత పట్టిక నింపడం దండగ. అందువల్ల రెండంతస్తుల ఏర్పాటు చేశారు. తొలి ఎనిమిది బిట్లను చూసి 256 గడుల మొదటి పట్టికకు వెళ్లాలి. సంకేతం అంతలోపు పూర్తయితే జవాబు అక్కడే దొరుకుతుంది. ఇంకా పొడవైనదైతే ఆ గడి రెండో స్థాయిలోని ఒక చిన్న పట్టికకు దారి చూపుతుంది.

అయితే రెండో స్థాయి పట్టికలన్నీ కలిసి ఎంత చోటు తీసుకుంటాయి? ప్రతి చిత్రానికీ లెక్క కట్టడం కంటే, ఎట్టి పరిస్థితుల్లోనూ మించని గరిష్ఠ పరిమాణాన్ని ముందే తెలుసుకుని అంత చోటు తీసి ఉంచితే పని వేగంగా సాగుతుంది. ఈ లెక్క కోసం జీలిబ్ కుదింపు లైబ్రరీ రూపకర్తల్లో ఒకరైన మార్క్ ఆడ్లర్ రాసిన ప్రోగ్రాంను వాడారు. దాని పేరు ‘ఎనఫ్’. చాలినంత అని అర్థం. 40 గుర్తుల సమితికి 410 గడులు, 256 గుర్తుల సమితికి 630 గడులు చాలునని అది తేల్చింది. అదనపు వర్ణ నిల్వ లేని చిత్రానికి ఆకుపచ్చ సమితికి 654. అన్నీ కలిపితే 2,954. గడికి నాలుగు బైట్ల చొప్పున 11,816 బైట్లు. ఈ అంకెలను లైబ్రరీ మూలంలో స్థిరాంకాలుగా రాసేశారు.

ఆ లెక్కలో తప్పు లేదు. దాని వెనుక ఒక షరతు ఉంది. సంకేతాల చెట్టు సంపూర్ణంగా ఉండాలి, అంటే ప్రతి కొమ్మా ఏదో ఒక గుర్తుతో ముగియాలి. సరైన కుదింపు ప్రోగ్రాం తయారు చేసే ఏ చిత్రంలోనైనా అలాగే ఉంటుంది. కానీ పొడవుల జాబితా వచ్చేది ఫైలు నుంచి. ఆ ఫైలును తయారు చేసేది ఎవరైనా కావచ్చు. కావాలనే కొమ్మలను అసంపూర్ణంగా వదిలిన చెట్టును ఇస్తే, రెండో స్థాయి పట్టికలు పూర్తిగా నిండకపోయినా విడివిడిగా పెద్ద చోటును ఆక్రమిస్తూ పోతాయి. అప్పుడు 410 గడుల హద్దు నిలవదు.

లిబ్‌వెబ్‌పీలో ఈ తనిఖీ అసలే లేదనలేం. చెట్టు సంపూర్ణంగా ఉన్నదీ లేనిదీ ఆ ఫంక్షన్ పరీక్షించింది, లోపభూయిష్టమైన చిత్రాన్ని తిరస్కరించింది కూడా. అయితే ఆ పరీక్ష పట్టికను నింపడం పూర్తయ్యాక చివర్లో జరిగేది. ఈ చిత్రం చెల్లదని తేల్చే సమయానికి హద్దు దాటిన రాత జరిగిపోయేది. నూతి పక్కన పిట్టగోడ కట్టి, దానిని నూతికి అవతలి వైపున కట్టినట్టు అయింది.

సవరణలో క్రమాన్ని మార్చారు. ఏమీ రాయకుండా ముందొకసారి లెక్క చూసి, చెట్టు చెల్లుతుందో లేదో, ఎన్ని గడులు కావాలో తేల్చుకుంటారు. ఉన్న చోటు చాలకపోతే కొత్తగా కేటాయిస్తారు. ఆ తర్వాతే రాత మొదలవుతుంది. మార్పు పెద్దదేమీ కాదు. దానికి ముందు గడిచిన కాలమే దీర్ఘమైనది.

పరీక్షలకు ఎందుకు చిక్కలేదు

ఓపెన్ సోర్స్ మూలాన్ని వేల కళ్లు చూస్తాయి గనుక లోపాలు దాగవన్న నమ్మకం ఒకటి ప్రచారంలో ఉంది. లిబ్‌వెబ్‌పీ అనుభవం ఆ నమ్మకానికి అనుకూలంగా లేదు. ఈ లైబ్రరీని నిర్లక్ష్యం చేశారని కూడా అనలేం. గూగుల్ 2016లో ఆరంభించిన ‘ఓఎస్‌ఎస్-ఫజ్’ సేవ ద్వారా దీనిని నిరంతరం పరీక్షిస్తూ వచ్చారు. ఫైళ్లను అటూ ఇటూ మార్చి, ప్రోగ్రాంకు అందించి, ఎక్కడ కుప్పకూలుతుందో చూసే ఈ పద్ధతిని ఫజింగ్ అంటారు. అనేక లైబ్రరీల్లో వేల లోపాలు దీని వల్ల బయటపడ్డాయి.

ఇక్కడ అది విఫలమవడానికి కారణాన్ని గూగుల్ ప్రాజెక్ట్ జీరో బృందానికి ఒకప్పుడు నేతృత్వం వహించిన బెన్ హాక్స్ వివరించారు. ఐదు పట్టికలకూ కలిపి ఒకే చోటును కేటాయిస్తారు. మొదటి నాలుగు పట్టికలు చిన్నవిగా ఉంటే చివర్లో బోలెడు ఖాళీ మిగులుతుంది. అప్పుడు ఐదోది హద్దు మీరినా ఆ ఖాళీలోనే సర్దుకుంటుంది, కుప్పకూలడం జరగదు. లోపం బయటపడాలంటే మొదటి నాలుగు చెట్లూ పూర్తిగా చెల్లుబాటు అవుతూనే గరిష్ఠ చోటును ఆక్రమించాలి. ఐదోది మాత్రం అసంపూర్ణంగా ఉండాలి. యాదృచ్ఛికంగా బిట్లను తిరగేస్తూ పోతే ఈ కలయిక తటస్థపడే అవకాశం లేదన్నంత స్వల్పం. మూలాన్ని శ్రద్ధగా చదివి, ఆ స్థిరాంకాల వెనుక ఉన్న షరతును ప్రశ్నించిన మనిషికే అది దొరుకుతుంది. అలా చదివినవారు ఎవరో గానీ, సరిచేయమని చెప్పడానికి మాత్రం చదవలేదు.

బ్లాస్ట్‌పాస్ దాడి

కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన సిటిజన్ ల్యాబ్ 2023 సెప్టెంబరులో ఒక ఫోన్‌ను పరిశీలించింది. అంతర్జాతీయ కార్యాలయాలున్న, వాషింగ్టన్ కేంద్రంగా పనిచేసే ఒక పౌరసమాజ సంస్థ ఉద్యోగిది ఆ ఫోన్. ఇజ్రాయెల్‌కు చెందిన ఎన్‌ఎస్‌ఓ గ్రూప్ తయారు చేసే పెగాసస్ నిఘా సాఫ్ట్‌వేర్‌ను అందులోకి చేర్చేందుకు వాడిన దాడి ఆనవాళ్లు కనిపించాయి. ఆ దాడికి సిటిజన్ ల్యాబ్ ‘బ్లాస్ట్‌పాస్’ అని పేరు పెట్టింది.

బోర్డింగ్ పాసులు, టికెట్లను ఫోన్‌లో దాచుకునేందుకు యాపిల్ ఏర్పరచిన ‘పాస్‌కిట్’ రూపంలోని ఒక అటాచ్‌మెంట్ ఐమెసేజ్ ద్వారా వచ్చింది. అందులో హానికరమైన చిత్రం ఉంది. ఫోన్ యజమాని లింకు నొక్కలేదు, ఫైలు తెరవలేదు, సందేశాన్ని చూడను కూడా లేదు. సందేశం అందగానే అందులోని చిత్రాన్ని విప్పే పని ఫోన్ తనంతట తానే చేస్తుంది. దాడికి అదే చాలు. ఇటువంటి దాడులను ‘జీరో క్లిక్’ దాడులంటారు. అనుమానాస్పద లింకులు నొక్కవద్దని పోలీసులు, బ్యాంకులు చేసే హితవు ఇక్కడ ఏ మాత్రం అక్కరకు రాదు.

చిత్రం ఫైలు పేరును బట్టి జాగ్రత్త పడటమూ కుదరదు. చిత్రాలను విప్పే వ్యవస్థలు సాధారణంగా పేరు చివరి అక్షరాలను పట్టించుకోవు. ఫైలు మొదటి బైట్లలోని ముద్రను చూసి అది ఏ రూపమో నిర్ణయించుకుంటాయి. పేరులో పీఎన్‌జీ అని ఉన్నా లోపల వెబ్‌పీ ముద్ర ఉంటే అది నేరుగా లిబ్‌వెబ్‌పీకే చేరుతుంది.

సెప్టెంబరు 7న యాపిల్ ఐఓఎస్ 16.6.1ను విడుదల చేసింది. పాత ఐఫోన్ల కోసం ఐఓఎస్ 15.7.9ను అదే నెల 11న అందించింది. ముప్పు ఎక్కువగా ఉన్నవారి కోసం యాపిల్ ఏర్పాటు చేసిన ‘లాక్‌డౌన్ మోడ్’ ఈ దాడిని అడ్డుకుంటుందని సిటిజన్ ల్యాబ్ తెలిపింది. ఎన్‌ఎస్‌ఓ గ్రూప్‌ను అమెరికా వాణిజ్య శాఖ అప్పటికి రెండేళ్ల ముందే, 2021 నవంబరులో ఆంక్షల జాబితాలో చేర్చి ఉంది. అదే సంస్థ 2021లో వాడిన ‘ఫోర్స్‌డ్‌ఎంట్రీ’ అనే దాడి కూడా చిత్రాలను విప్పే మూలంలోని లోపం ఆధారంగానే సాగింది. అప్పుడు దెబ్బతిన్నది ఫ్యాక్స్ కాలం నాటి జేబీఐజీ2 రూపం.

ఒకే లోపానికి రెండు పేర్లు

సిటిజన్ ల్యాబ్, యాపిల్ భద్రతా బృందం సెప్టెంబరు 6న ఈ విషయాన్ని గూగుల్‌కు తెలియజేశాయి. సెప్టెంబరు 11న క్రోమ్ 116.0.5845.187 కూర్పు వెలువడింది. లోపాన్ని ఇప్పటికే దుర్వినియోగం చేస్తున్నట్టు తమకు తెలుసునని గూగుల్ ఆ ప్రకటనలో అంగీకరించింది. మరునాడు ఫైర్‌ఫాక్స్ 117.0.1 వచ్చింది. అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీఐఎస్‌ఏ ఆ వారంలోనే దీనిని దుర్వినియోగమవుతున్న లోపాల జాబితాలో చేర్చి, అక్టోబరు 4 లోగా సరిచేసుకోవాలని తమ ప్రభుత్వ శాఖలను ఆదేశించింది.

వేగం విషయంలో ఏ సంస్థనూ తప్పుపట్టలేం. చిక్కంతా మాటల్లో వచ్చింది. యాపిల్ ప్రకటన తన ‘ఇమేజ్‌ఐఓ’ భాగం గురించి చెప్పింది, వెబ్‌పీ పేరెత్తలేదు. గూగుల్ ప్రకటన వెబ్‌పీ అని చెప్పినా, అధికారిక నమోదులో దానిని క్రోమ్ లోపంగానే వర్ణించింది. లిబ్‌వెబ్‌పీని సొంతంగా కలుపుకున్న వందలాది ఉత్పత్తుల నిర్వాహకులు ఆ నమోదును చదివితే, ఇది బ్రౌజర్ వ్యవహారం, మనకు సంబంధం లేదు అనుకోవడానికి ఆస్కారం ఏర్పడింది. గుర్తింపు సంఖ్యలను యంత్రాలతో సరిపోల్చి హెచ్చరికలు పంపే వ్యవస్థలు కూడా క్రోమ్ కోసం వెతికాయే గానీ లైబ్రరీ కోసం వెతకలేదు. రెండు ప్రకటనల్లోనూ సిటిజన్ ల్యాబ్ పేరు ఉండటాన్ని బట్టి, మూలంలో జరిగిన మార్పును చదివి, ఇవి రెండూ ఒకటేనని బయటి పరిశోధకులు ఊహించాల్సి వచ్చింది. ఆ ఊహ సరైనదేనని 2025 మార్చిలో ప్రాజెక్ట్ జీరో ప్రచురించిన బ్లాస్ట్‌పాస్ విశ్లేషణతో తేటతెల్లమైంది.

సెప్టెంబరు చివర్లో గూగుల్ ఇదే లోపాన్ని లిబ్‌వెబ్‌పీ పేరిట సీవీఈ-2023-5129గా మళ్లీ నమోదు చేసింది. ఈసారి తీవ్రత పదికి పది. కొద్ది రోజుల్లోనే ఆ సంఖ్యను పునరుక్తిగా పరిగణించి రద్దు చేశారు. పాత నమోదులోనే లిబ్‌వెబ్‌పీ పేరును చేర్చారు. ఉద్దేశం మంచిదే అయినా, అప్పటికే సరిచేసుకున్నవారు ఇదేదో కొత్త ముప్పని కంగారు పడ్డారు. తెలియనివారి అయోమయం మరింత పెరిగింది.

ఈ లోగా జాబితా పొడవైంది. ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా, వివాల్డీ బ్రౌజర్లు క్రోమ్ మూలాన్నే వాడతాయి. క్రోమియంను పొదిగి డెస్క్‌టాప్ యాప్‌లను తయారు చేసే ఎలక్ట్రాన్ వేదిక మీద సిగ్నల్, స్లాక్, డిస్కార్డ్ వంటి అనేక ప్రోగ్రాములు నడుస్తాయి. అవన్నీ వేర్వేరుగా సవరణలు విడుదల చేయాల్సి వచ్చింది. పైథాన్ భాషలో చిత్రాలతో పనిచేసేవారు విరివిగా వాడే ‘పిల్లో’ లైబ్రరీ 10.0.1 కూర్పుతో సరిచేసుకుంది. ఆండ్రాయిడ్‌కు సవరణ అక్టోబరు నెల భద్రతా ప్రకటనలో వచ్చింది.

భారత్‌లో ఆనవాలు

2023 అక్టోబరు చివర్లో యాపిల్ సంస్థ అనేక దేశాల్లోని వినియోగదారులకు ముప్పు హెచ్చరికలు పంపింది. ప్రభుత్వ ప్రాయోజిత దాడులకు గురవుతూ ఉండవచ్చన్నది వాటి సారాంశం. భారత్‌లో అవి అందాయని ప్రకటించిన ప్రతిపక్ష నేతల్లో మహువా మొయిత్రా, శశి థరూర్‌లతో పాటు హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ కూడా ఉన్నారు. దాడి చేసినది ఫలానా ప్రభుత్వమని తాము చెప్పడం లేదని యాపిల్ స్పష్టం చేసింది. దర్యాప్తు జరిపిస్తామని కేంద్ర ఐటీ మంత్రి అశ్వినీ వైష్ణవ్ ప్రకటించారు. ఆ హెచ్చరికలకూ లిబ్‌వెబ్‌పీ లోపానికీ ముడిపెట్టడానికి బహిరంగ ఆధారమేదీ లేదు.

ఒక్క ఫోన్ విషయంలో మాత్రం ఆధారం దొరికింది. ఆ హెచ్చరికల తర్వాత పలువురి ఫోన్లను పరీక్షించిన ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ భద్రతా ప్రయోగశాల, 2023 డిసెంబరు 28న తన ఫలితాలను వెల్లడించింది. పరిశోధనాత్మక పాత్రికేయుల సంస్థ ఓసీసీఆర్‌పీ దక్షిణాసియా సంపాదకుడు ఆనంద్ మంగ్నాలే ఐఫోన్‌కు ఆగస్టు 23న ఐమెసేజ్ ద్వారా పంపిన జీరో క్లిక్ దాడి ఆనవాళ్లు ఉన్నాయని, అది బ్లాస్ట్‌పాస్‌గా పేరుపడినదేనని తెలిపింది. అప్పుడు ఆ ఫోన్‌లో ఉన్నది ఐఓఎస్ 16.6. ఆ తేదీకి అందుబాటులో ఉన్న అత్యంత తాజా కూర్పు అదే. నవీకరణలను క్రమం తప్పకుండా వేసుకునే వ్యక్తికి కూడా ఆ రోజున రక్షణ లేదన్నమాట. యాపిల్ సవరణ రావడానికి ఇంకా పదిహేను రోజుల వ్యవధి ఉంది. దాడి ఫలించిందో లేదో ఆమ్నెస్టీ నిర్ధారించలేదు.

ఆమ్నెస్టీతో కలిసి ఈ విషయాన్ని ప్రచురించిన వాషింగ్టన్ పోస్ట్ కథనాన్ని అప్పటి కేంద్ర సహాయ మంత్రి రాజీవ్ చంద్రశేఖర్ తోసిపుచ్చారు. నేరాలు, ఉగ్రవాదాన్ని ఎదుర్కొనే ప్రభుత్వ సంస్థలకే తమ ఉత్పత్తులను విక్రయిస్తామని ఎన్‌ఎస్‌ఓ చాలాకాలంగా చెబుతూ వస్తోంది. పెగాసస్‌ను కొన్నదీ లేనిదీ భారత ప్రభుత్వం ధ్రువీకరించలేదు, కాదనీ చెప్పలేదు.

ఈ ప్రశ్న అంతకుముందే సుప్రీంకోర్టుకు చేరింది. 2021 అక్టోబరు 27న అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి.రమణ నేతృత్వంలోని ధర్మాసనం, విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ ఆర్.వి.రవీంద్రన్ పర్యవేక్షణలో సాంకేతిక సంఘాన్ని నియమించింది. తనకు అందిన 29 ఫోన్లలో ఐదింటిలో హానికర సాఫ్ట్‌వేర్ ఉందని, అది పెగాససేనని నిర్ధారించలేమని ఆ సంఘం తేల్చినట్టు 2022 ఆగస్టులో ధర్మాసనం వెల్లడించింది. విచారణకు ప్రభుత్వం సహకరించలేదని సంఘం పేర్కొన్నట్టు కూడా తెలిపింది.

భాష మారితే ఏం మారుతుంది

సీ, సీ++ భాషల్లో ప్రోగ్రాం తన హద్దు దాటి రాస్తే అడ్డుకునే యంత్రాంగం భాషలో ఉండదు. ఆ బాధ్యత రాసేవారిదే. తమ ఉత్పత్తుల్లో ఏటా సరిచేసే లోపాల్లో దాదాపు 70 శాతం ఈ కోవకు చెందినవేనని మైక్రోసాఫ్ట్ 2019లో తెలిపింది. క్రోమ్‌లోని తీవ్ర లోపాల విషయంలో 2020లో గూగుల్ చెప్పిన నిష్పత్తి కూడా సుమారు అంతే. కొత్తగా రాసే భాగాలకు రస్ట్ వంటి మెమొరీ రక్షణ గల భాషలను ఎంచుకోవడంతో, ఆండ్రాయిడ్‌లో ఇటువంటి లోపాల వాటా 2019లో 76 శాతం ఉండగా 2024 నాటికి 24 శాతానికి తగ్గిందని గూగుల్ ప్రకటించింది.

రస్ట్‌లో రాసి ఉంటే ‘410 గడులు చాలు’ అన్న పొరపాటు జరిగేది కాదని చెప్పలేం. అది గణితానికి సంబంధించిన పొరపాటు, ఏ భాషలోనైనా జరగవచ్చు. తేడా పర్యవసానంలో ఉంటుంది. 411వ గడిలో రాయబోయిన క్షణంలో ప్రోగ్రాం ఆగిపోతుంది. చిత్రం కనిపించదు, మహా అయితే యాప్ మూతపడుతుంది. ఫోన్ మాత్రం ఇతరుల వశం కాదు. అయితే లిబ్‌వెబ్‌పీ వంటి పాత లైబ్రరీలను తిరగరాయడానికి డబ్బు, సమయం, వేగం తగ్గకుండా చూడగల నైపుణ్యం కావాలి. పైగా పాత మూలంలో ఏళ్ల తరబడి సరిచేసిన ఇతర లోపాలు కొత్త రాతలో మళ్లీ తలెత్తే ప్రమాదమూ ఉంది. ఈ ఇబ్బందిని తేలిగ్గా తీసుకునే వాదనలను కొంత అనుమానంతోనే చూడాలి.

ఏ ఉత్పత్తిలో ఏ లైబ్రరీ ఉందో తెలియకపోవడమనే రెండో సమస్యకు ‘సాఫ్ట్‌వేర్ బిల్ ఆఫ్ మెటీరియల్స్’ అనే పత్రాన్ని పరిష్కారంగా చూపుతున్నారు. మందు సీసాపై దినుసుల పట్టిక ఉన్నట్టే, సాఫ్ట్‌వేర్‌లోని లైబ్రరీల పేర్లు, కూర్పు సంఖ్యలు అందులో ఉంటాయి. భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2024 అక్టోబరులో దీనిపై సాంకేతిక మార్గదర్శకాలు విడుదల చేసింది. అటువంటి పత్రం చేతిలో ఉన్న సంస్థ, 2023 సెప్టెంబరులో క్రోమ్ అన్న పేరును చూసి ఊరుకోకుండా, తన సర్వర్లలో లిబ్‌వెబ్‌పీ ఎక్కడుందో నిమిషాల్లో వెతుక్కోగలిగేది. కాకపోతే, లోపాన్ని నమోదు చేసేవారు లైబ్రరీ పేరును సరిగ్గా చెబితేనే ఆ పత్రం ఉపయోగపడుతుంది.

సాధారణ వినియోగదారు వరకు చూస్తే, 2023 అక్టోబరు తర్వాతి భద్రతా సవరణలు అందుకున్న ఫోన్లు, తాజా బ్రౌజర్లు ఈ లోపం నుంచి బయటపడినట్టే. తయారీదారులు నవీకరణలు ఆపేసిన పాత ఆండ్రాయిడ్ ఫోన్ల సంగతి వేరు. వాటిలో క్రోమ్ బ్రౌజర్ ప్లేస్టోర్ ద్వారా కొత్తదవుతుంది గానీ, వ్యవస్థలోనే ఉన్న లిబ్‌వెబ్‌పీ ప్రతి పాతదిగానే మిగులుతుంది. ప్రజల నుంచి ఫొటోలు స్వీకరించే వెబ్‌సైట్లు నడిపేవారు, లైబ్రరీని తమ ప్రోగ్రాంలోనే కలిపి కట్టుకుని ఉంటే, సర్వర్ నిర్వహణ వ్యవస్థను నవీకరించినంత మాత్రాన ఆ ప్రతి మారదు. 1.3.2 లేదా ఆ తర్వాతి కూర్పుతో ప్రోగ్రాంను వారే మళ్లీ కట్టుకోవాలి.